వేరే నీలం

నల్ల ఎలక వీపు మీద తెల్లటి నక్షత్రం మొలిచిన రోజున మందాకిని తమ్ముడికి ఫోన్ చేసి, కొట్టు మూసేసి ప్రయోగశాలకి రమ్మంది. కిశోర్ బేగంబజారులో స్టీలు సామాన్లు అమ్ముకునే మనిషి. అక్క చదువంటే వాడికి భక్తి, అక్క ప్రయోగశాలంటే వాసన. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే వచ్చాడు.

"చూడరా," అంటూ ఆవిడ పంజరం దగ్గరికి లాక్కెళ్ళింది.

ఎలక నిగనిగలాడే నలుపు. వీపు మధ్యన మాత్రం పిండితో ముగ్గేసినట్టు ఒక నక్షత్రం.

"రంగేశావా అక్కా?"

"రంగు కాదు. వెంట్రుకలే తెల్లగా పుట్టాయి." మందాకిని నక్షత్రం ఆకారంలో చిల్లు కోసిన నల్ల కాగితం ఒకటి తీసి చూపించింది. "దీని ఒంట్లో ప్రతి కణంలోకీ నేను కత్తెరలు పంపించాను. అవి మూసుకుని ఉంటాయి. నీలం వెలుగు పడితేనే తెరుచుకుని జన్యువుని కోస్తాయి. దీని వీపు గొరిగి, ఈ కాగితం కప్పి, పైన నీలం దీపం పెట్టాను. చిల్లులోంచి వెలుగు పడ్డ మేరకే నలుపు తెగింది. మిగతా ఒళ్ళంతా కత్తెరలున్నా ఒక్క వెంట్రుక కూడా మారలేదు."

పక్కన ఇంకో పంజరం మీద గుడ్డ కప్పి ఉంది. కిశోర్ దాన్ని తీయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు. దీపం ఎక్కువసేపు ఉండిపోయిన ఎలకలవి. కోయమన్నది కోశాక, ఇంకా వెలుగు పడుతుంటే కత్తెరలు పక్కవి కూడా కోస్తాయి. దేనికైనా ఒక కొలత ఉంటుంది కదా."

కిశోర్‌కి అక్క తనని ఎందుకు పిలిచిందో అప్పటికి అర్థమైంది. భార్య పావని మళ్ళీ కడుపుతో ఉంది. పరీక్ష చేస్తే ఈ బిడ్డకీ అదే అని తేలింది.

అదే అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. కిశోర్ చేసుకున్నది సొంత మేనమామ కూతుర్ని. వాళ్ళలో అది తరాలుగా అలవాటు. ఆస్తి ఇల్లు దాటదు, అమ్మాయి కొత్తచోటికి వెళ్ళినట్టు ఉండదు. కాలేయంలో పనిచేయాల్సిన ఒక జన్యువు ఇద్దరిలోనూ సగం సగం చెడి ఉందని ఎవరికి తెలుసు? మొదటి పిల్లవాడికి రెండు సగాలూ కలిసి వచ్చాయి. తల్లి పాలే వాడి ఒంట్లో విషమయ్యాయి. పురుడైనా తీరకముందే పోయాడు. వాడు పోయాక కూడా పావనికి చాలా రోజులు పాలు వచ్చాయి. పిండి బాత్రూములో పారబోసుకునేది.

"కడుపులో ఉండగానే బాగు చేసేస్తాను," అంది మందాకిని.

"మనుషులకి చేయొచ్చా?"

"చేయొచ్చు. ఢిల్లీ వాళ్ళు ఇంకా సంతకం పెట్టలేదు, అంతే. వాళ్ళ సంతకం కోసం బిడ్డ కడుపులో ఆగుతుందా?"

కిశోర్ తల ఊపాడు.

ఒక ఆదివారం, స్నేహితురాలి స్కానింగ్ సెంటర్‌కి తాళం వేయించి, లోపల ఆ పని చేసింది మందాకిని. ముందు బొడ్డుతాడులోకి మందు. అది బిడ్డ ఒళ్ళంతా పాకాక, వెంట్రుకంత సన్నటి గాజుతీగని సూదిలోంచి బిడ్డ కాలేయం దాకా పంపి, తీగ చివర నీలం దీపం వెలిగించింది. స్కానింగ్ తెర మీద ఆ దీపం కనిపించదు. గుప్పెడంత బిడ్డ, తీగ మొన మాత్రమే కనిపిస్తాయి. కొలిచినంతసేపు వెలిగించి ఆర్పేసింది. కత్తెరలు అక్కడ తెరుచుకుని చెడ్డ ముక్క తీసేశాయి, వాటితో పంపిన మంచి ముక్క అతుక్కుంది. మిగతా ఒంట్లో కత్తెరలు చీకట్లో నోరు మూసుకుని కూర్చున్నాయి.

"నెలలు నిండేసరికి అవి వాటంతట అవే కరిగిపోతాయి," అని పావనికి చెప్పింది. "ఒకవేళ ముందే పుడితే మాత్రం నలభై రోజులు ఎర్ర దీపం కిందే ఉంచాలి. ఎరుపుకి అవి కదలవు. నీలం తగలకూడదు. ఎండలోనూ ట్యూబులైటులోనూ కూడా నీలం కలిసే ఉంటుంది. గుర్తుంటుందా?"

"నీలం తగలకూడదు," అంది పావని బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

తర్వాత మందాకిని, మొగుడూ పెళ్ళాల చేతులు రెండూ పావని పొట్ట మీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఈ వైద్యం సంగతి కన్నతల్లికి కూడా చెప్పకూడదు. చెబితే బిడ్డ మీద ఒట్టు. ఒట్టు వేశాక కూడా పావని పొట్ట మీద నుంచి చెయ్యి తీయలేదు. మందాకినికి ఒట్ల మీద నమ్మకం లేదు. ఒట్లని నమ్మేవాళ్ళ మీద మాత్రం చాలా నమ్మకం ఉంది.

పావని తల్లి భ్రమరాంబది పెద్దాపురం. "మొదటి పురుడు మీ హైదరాబాదులో పోశారు, అచ్చిరాలేదు. ఈసారి నా ఇంట్లో, నా చేతుల మీదుగా," అని పట్టుబట్టి, గాజులు తొడిగించే వంకతో ఎనిమిదో నెలలోనే కూతుర్ని తీసుకుపోయింది. మందాకిని అప్పుడు ఢిల్లీలో కమిటీ ముందు కూర్చుని, ఎలకల బొమ్మలు చూపిస్తూ సంతకం కోసం వాళ్ళ గడ్డాలు పట్టుకుంటోంది. పెద్దాపురం బస్సు కుదుపులకో, రాసిపెట్టి ఉండో, పావనికి నెప్పులు ముందే వచ్చాయి. ఆడపిల్ల. కాస్త చిన్నదైనా గట్టిగా ఏడ్చింది. ఊళ్ళో నర్సింగుహోములో కాన్పు, మర్నాటికల్లా ఇంటికి. అందాకా పావని పాఠం మరవకుండా పిల్లని గుడ్డల్లో చుట్టి, గదిలో లైటు ఆర్పించే ఉంచింది.

మందాకిని ఢిల్లీ నుంచే ఫోన్ చేసింది. అసలు సంగతి చెప్పడానికి లేదు కాబట్టి ఇంకో సంగతి చెప్పింది.

"అత్తయ్యా, పిల్ల జాతకం చూపించాను. గ్రహం బాగులేదట. నలభై రోజులు పిల్ల మీద సూర్యుడి కన్ను పడకూడదన్నారు. పురిటిగది తలుపులూ కిటికీలూ మూసి, దుప్పట్లు కట్టి, ఎర్ర బల్బు ఒక్కటే వెలిగించండి. ఎవర్నీ లోపలికి రానివ్వకండి."

భ్రమరాంబ ఆనందం పట్టలేకపోయింది. "ఎన్నాళ్ళకి దారిలోకొచ్చావే అమ్మాయ్! మా కాలంలో పురిటిగది చీకటిగానే ఉండేది. అందుకే పిల్లలు రాళ్ళలా ఉండేవాళ్ళు. ఇప్పుడంతా ఫేను కింద, లైట్ల కింద పడేస్తున్నారు. నువ్వేం బెంగెట్టుకోకు, నేను చూసుకుంటాను."

చూసుకుంది కూడా. దేవుడి గదిలో ఉండే ఎర్ర బల్బు తెచ్చి పురిటిగదిలో పెట్టించింది. నీళ్ళు పోయడానికి ముసలి సత్తెమ్మని కుదిర్చింది. సత్తెమ్మ ఆ ఎర్ర వెలుగులోనే పిల్లని కాళ్ళ మీద వేసుకుని, సున్నిపిండిలో ఇంత పసుపు కలిపి నలుగు పెట్టి, సాంబ్రాణి వేసేది. ఆ వెలుగులో పిల్ల గులాబీ మొగ్గలా ఉండేది. ఇంట్లోవాళ్ళు ఎవరు చూసినా మెటికలు విరిచేవారు.

కొద్ది రోజులకి, మందాకిని హైదరాబాదు తిరిగొచ్చాక, పెద్దాపురంలో ఉన్న కిశోర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, పిల్ల అసలు ఏడవడం లేదు. ఎప్పుడూ నిద్రే. పాలు కూడా తట్టి లేపి పట్టాల్సి వస్తోంది. అత్తయ్యేమో, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోతోంది."

మొదటి పిల్లవాడూ ఇలాగే పాలు మానేశాడని మందాకినికి గుర్తొచ్చింది. కాలేయం బాగుపడలేదా? తన కత్తెర పని చేయలేదా? వెంటనే పిల్ల రక్తం తీయించి కాకినాడ పంపమంది. ఫలానా విషం ఎంత ఉందో చూడమని, ఆ ఒక్కటే చూడమని చెప్పింది. ఆ పూటంతా అన్నం ముట్టలేదు.

విషం పెరగలేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఎంత ఉండాలో అంతే ఉంది.

మందాకిని ప్రయోగశాల తలుపు వేసుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ చాకిరీ, పెళ్ళి మానుకోవడం, ఎలకల కంపు, అన్నీ ఆ ఒక్క అంకెలో తీరిపోయాయి. భూమి మీద ఎవరూ చేయని పని తను చేసింది, ఆ పని పెద్దాపురంలో ఒక ఎర్రటి గదిలో ఊపిరి తీస్తోంది. కిశోర్‌కి ఫోన్ చేసి, "పడుకోనివ్వరా. నెల ముందు పుట్టిన పిల్లలు అలాగే పడుకుంటారు," అంది. అందరికీ పూతరేకులు తెప్పించి పెట్టింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

పురుడు తీరే పదకొండో రోజుకి తనే బయల్దేరింది. ఆ రోజు తల్లినీ బిడ్డనీ బయటికి తెచ్చి సూర్యుడికి చూపించడం వాళ్ళ ఆచారం. పక్కనుండి దాన్ని ఆపాలి.

ఆవిడ వెళ్ళేసరికి వాకిట్లో పేరంటాళ్ళు. వంటింట్లోంచి నేతి వాసన. మందాకిని కాళ్ళు కడుక్కుని పురిటిగదిలోకి దూరి తలుపు వేసింది. ఎర్ర దీపం కింద పావని కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల.

"వదినా, ఇలా చూడు. పొద్దున్నించీ వింతగా ఏడుస్తోంది. పిల్లికూనలా సన్నగా. ఒళ్ళు విల్లులా వెనక్కి వంచేస్తోంది."

మందాకిని పిల్లని ఎత్తుకుంది. మెడ వెనక్కి పడింది, చేతులు బిగుసుకున్నాయి. రంగు చూస్తే గులాబీ మొగ్గే. అప్పుడు ఆవిడ చూపు దీపం మీదికి పోయింది.

ఎర్ర దీపం కింద పసుపుకీ తెలుపుకీ తేడా తెలియదు. రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. ఈ ముక్క బడిపిల్లల పుస్తకాల్లో ఉంటుంది. వెలుగు మీద డాక్టరేటు పుచ్చుకున్న మందాకినికి తెలియదా? తెలుసు. తెలిసినవన్నీ వేళకి గుర్తొస్తే ఇంకేం కావాలి?

పిల్లకి పూర్తిగా గుడ్డ చుట్టి ఒక్క పాదం బయటికి తీసింది. తలుపు వేలెడంత తెరిచింది. ఎండ చారలా పాదం మీద పడింది. పాదం పసుపుకొమ్ములా ఉంది.

"నలుగు పెట్టింది కదే సత్తెమ్మ," అంది భ్రమరాంబ గుమ్మంలోంచి. "బంగారు బొమ్మలా ఉంది కదూ?"

మందాకిని చెంబులో చీర చెంగు తడిపి పాదాన్ని గట్టిగా తుడిచింది. చెంగుకి ఏమీ అంటలేదు. పాదం పచ్చగానే ఉంది.

పచ్చకామెర్లు. నెల ముందు పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తాయి. వెలుతురున్న ఇంట్లో అయితే మూడో రోజే ఎవరో ఒకరు పట్టేసేవారు.

నర్సింగుహోములో పిల్లల డాక్టరు యుగంధర్ కుర్రవాడే కానీ చురుకైనవాడు. రక్తపరీక్ష చూసి మొహం గంభీరంగా పెట్టాడు. కిశోర్‌ని అప్పటికప్పుడు రక్తం కోసం కాకినాడ తరిమాడు.

"రక్తం మార్చాలండి. అది వచ్చేలోపు లైటు కింద పెట్టేస్తాను. సూది లేదు, మందు లేదు, ఉత్త వెలుగు. కామెర్లకి ఇంతకంటే నిరపాయమైన వైద్యం లేదు."

నర్సు ఉయ్యాల లాంటి పెట్టె ఒకటి తోసుకొచ్చి మీట నొక్కింది. దాని పైనున్న ట్యూబులు వెలిగాయి. గది గోడలు, నర్సు తెల్ల గౌను, భ్రమరాంబ జరీ అంచు, అన్నీ నీలం అయిపోయాయి.

పావని పిల్లని గుండెకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆమె చెయ్యి ఎప్పుడో వేసిన ఒట్టు ఇంకా అక్కడే ఉన్నట్టు పొట్ట మీదికి పోయింది. మందాకిని వైపు తిరిగి ఆమె అడిగింది ఒక్కటే.

"వదినా, అది నీలం కదా?"

మందాకిని డాక్టర్ని పక్కకి పిలిచింది. "లైటు లేకుండా కుదరదా?"

"ఎందుకు కుదరదు? ఇప్పుడే అంబులెన్సులో కాకినాడ పంపిస్తే గంటలో అక్కడుంటారు. పెద్దాసుపత్రి కాబట్టి వెళ్ళగానే రక్తం మార్చేస్తారు. కానీ ఇంత కామెర్లున్న పిల్లని లైటు పెట్టకుండా ఎందుకు పంపించావని నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి? లైటు పడకూడని కారణం ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, రాసిచ్చి ఈ నిమిషం పంపించేస్తాను."

కారణం ఉంది. నాలుగు మాటల్లో చెప్పొచ్చు. ఆ నాలుగు మాటలు కాగితం మీదికెక్కితే పై వారం రాబోయే ఢిల్లీ సంతకం రాదు. ప్రయోగశాలకి సీలు పడుతుంది. తను, స్కానింగ్ సెంటర్ స్నేహితురాలు, తెలిసీ ఒప్పుకున్న తమ్ముడు, ముగ్గురూ కోర్టు మెట్లెక్కుతారు. ఇలాంటి బిడ్డల్ని మోస్తూ తన కోసం ఎదురుచూసే తల్లుల సంగతేమిటి? ఒక్క బిడ్డ కోసం అంతమంది బిడ్డల్ని ఆపేయాలా? నీలం వెలుగు లోపలికి పెద్దగా దూరదు, చర్మం దాకానే పోతుంది. చర్మం మళ్ళీ పుట్టేదే కదా. కొన్ని గంటలే కదా. గుడ్డ కప్పిన పంజరం గుర్తొచ్చింది. ఆవిడ మనసులోనే దాని మీద ఇంకో గుడ్డ కప్పింది.

"కారణం ఏం లేదండి," అంది. "ఊరికే అడిగాను. పెట్టండి."

పావని దగ్గరికి వచ్చి, పిల్లని ఆమె చేతుల్లోంచి తనే తీసుకుంది.

"ఇది వేరే నీలం, పావనీ. మన నీలం కాదు. భయపడకు."

పావని మొహం తేటపడింది. వదిన చెప్పింది. ఇంకేం కావాలి?

పిల్ల కళ్ళకి నల్ల గంతలు కట్టారు. మొలకి చిన్న గుడ్డ చుట్టారు. తక్కిన ఒంటి మీద నూలుపోగు లేకుండా వెలుగు కింద పడుకోబెట్టారు. మందాకిని అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఆ నల్ల గంతల్ని చూస్తే నక్షత్రం చిల్లు కోసిన కాగితం గుర్తొచ్చింది. కిశోర్ రక్తం సీసాలతో పరుగెత్తుకొచ్చి, ఆ గదిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్క వైపు చూశాడు. "తప్పలేదురా. పైపైనే," అంది ఆవిడ. వాడు సీసాలు డాక్టరు చేతిలో పెట్టి బయటికిపోయి మెట్ల మీద కూలబడ్డాడు.

రక్తం మార్చాక కూడా రెండు రోజులు లైటు కింద ఉంచారు. కామెర్లు దిగాయి. పిల్ల బతికింది.

బారసాల ఘనంగా చేశారు. భ్రమరాంబ పిల్లని మేనత్త చేతుల్లో పెట్టి, అందరూ వినేలా చెప్పింది. "వేలెడంత ఎండలో రోగం కనిపెట్టి నా మనవరాలికి ప్రాణం పోసింది. అందుకని దాని పేరే పెడుతున్నాం. మందాకిని." మేనత్త మందాకిని పళ్ళెంలో బియ్యం మీద బంగారపు ఉంగరంతో తన పేరు తనే రాసింది. ముద్దుకి పిల్లని చిన్ని అని పిలుచుకున్నారు.

చిన్నికి వినబడదని అయిదో నెలలో తెలిసింది. గిలక వెనక నుంచి ఎంత ఆడించినా తల తిప్పలేదు. కామెర్లు ఆలస్యంగా పట్టుకున్నందువల్ల చెవి నరం పోయిందన్నారు. ప్రాణం దక్కింది, చెవులదేముంది అని భ్రమరాంబ అందరికీ నచ్చచెప్పింది. పావని మాత్రం, పిల్ల తన మొహం చూస్తుంటే చాలు, పెదవులు బాగా కదిలిస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏడాది నిండాక మచ్చలు వచ్చాయి. ముందు వీపు మీద ఆవగింజంత. తర్వాత భుజాలు, పొట్ట, తొడలు, బుగ్గలు. కొన్ని నల్లగా ఉబ్బేవి, కొన్ని పగిలి రసి కారేవి. మందు రాస్తే ఒకటి తగ్గేది, పక్కన రెండు లేచేవి. గౌను అంటుకుపోయి, విప్పేటప్పుడు చిన్ని గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు తనకే వినబడదు.

పావని ఒకరోజు స్నానం చేయించి పిల్లని మందాకిని ముందు నిలబెట్టింది. తువ్వాలు తీసింది. "చూడు వదినా."

కళ్ళ చుట్టూ, నుదుటి మీద అడ్డంగా, గంతలు కట్టినంత మేర చర్మం వెన్నలా ఉంది. మొల చుట్టూ గుడ్డ ఉన్నంత మేర అంతే. గీత గీసినట్టు అక్కడిదాకా కురుపులు వచ్చి ఆగిపోయాయి.

మందాకినికి మొదట కలిగింది జాలి కాదు. ఇంత స్పష్టమైన ఫలితం తనకి ఏ ఎలకలోనూ రాలేదు అనిపించింది. ఆ తర్వాతే జాలి వచ్చింది. ముందేది వచ్చిందో ఆవిడకి తెలుసు. అందుకని పావని కళ్ళలోకి చూడలేకపోయింది.

కాలేయం మాత్రం దివ్యంగా ఉంది. చిన్ని గ్లాసుడు పాలు గటగటా తాగేస్తుంది.

పెద్ద కేన్సరు ఆసుపత్రిలో ఆ రోజు జనం కిక్కిరిసి ఉన్నారు. "మందాకిని!" అని కేకేశాడు అటెండరు. మేనత్త లేచి నిలబడింది. తర్వాత పిల్ల కోసమని గుర్తొచ్చి తప్పుకుంది. కిశోర్ మందుల కౌంటరు దగ్గర వరసలో ఉన్నాడు. ఆడవాళ్ళిద్దరే పిల్లతో లోపలికి వెళ్ళారు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కురుపుల్నీ, కురుపులు లేని చోట్లనీ వేలితో తడిమి చూసింది.

"పుట్టినప్పుడు కామెర్ల లైటు కింద పెట్టారు కదూ? ఇది ఆ గంతల గుర్తే. కానీ ఆ లైటు లక్షలమంది పిల్లలకి పెడతాం. ఎవరికీ ఇలా కాలేదు. అంటే లైటు పడకముందే ఈ ఒంట్లో ఏదో ఉంది." ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "కడుపులో ఉండగా ఏదైనా మందుగానీ, సూదిగానీ, వైద్యంగానీ జరిగిందా? బాగా ఆలోచించి చెప్పండి. పుట్టుకతో వచ్చిన లోపమైతే నేను చేయగలిగింది ఏం లేదు. లేచిన కురుపునల్లా కోసుకుంటూ పోవడమే, ఎన్నాళ్ళో చెప్పలేను. బయటినుంచి వచ్చిందైతే, అదేమిటో నాకు తెలిస్తే, దారి వెతకొచ్చు."

దారి ఉంది. కత్తెరలు ఎక్కడెక్కడ పక్కదారి పట్టి కోస్తాయో ఆ పటమంతా మందాకిని ప్రయోగశాలలోనే ఉంది. అది ఈవిడ చేతిలో పెడితే చిన్నికి ఎన్నేళ్ళో కలిసిరావచ్చు. ఢిల్లీ సంతకం కిందటేడే వచ్చింది. మొదటి తల్లులకి సూదులు పడ్డాయి, పుట్టే పిల్లలకి నీలం లైటు పెట్టరాదని కొత్త నిబంధన రాసింది మందాకిని. ఆ నిబంధన ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు.

పావని చిన్నిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మందాకిని వైపు తిరిగింది. గొంతు తగ్గించి, చాలా మామూలుగా అంది.

"ఒట్టు మాకుంది వదినా. నేను నోరు విప్పితే పిల్ల పోతుంది. నీకు లేదు కదా. నువ్వు చెప్పు."

డాక్టరమ్మ ఇద్దరి వైపూ చూసింది. "ఏమిటండీ?"

మందాకిని చెబుదామనే అనుకుంది. నోరు తెరిచేదాకా అలాగే అనుకుంది.

"మేనరికం అండి," అంది. "మా తమ్ముడు సొంత మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. తరాలుగా అంతే. మొదటి పిల్లవాడు కూడా అలాగే పోయాడు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "అనుకున్నాను." ఆవిడకి ఇలాంటి సంసారాలు కొత్త కాదు. "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. మీరైనా ఆపాల్సింది."

"అప్పుడు నా మాట ఎవరు విన్నారండీ?" అంది మందాకిని.

పావని ఏడవలేదు. పిల్లని బల్ల మీద నిలబెట్టి గౌను తొడగడం మొదలుపెట్టింది. పుట్టినరోజుకి కిశోర్ కొన్నది, మెత్తటి నూలు గౌను. కురుపులకి తగలకుండా ఒక్కో చెయ్యే మెల్లిగా దూర్చింది. వెనక గుండీలు పెట్టింది. పిల్ల భుజాలు పట్టుకుని మేనత్త వైపు తిప్పింది.

"వదినా, ఈ గౌను ఏ నీలం?"

మందాకిని చేతిసంచీ తీసి భుజానికి తగిలించుకుంది.

"మన నీలమా, వేరే నీలమా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి చూస్తోంది. పావని జవాబు కోసం ఆగింది. అమ్మ ఎవరిని అడుగుతోందో చూసి చిన్ని కూడా మేనత్త వైపు తల తిప్పి, ఆవిడ పెదవులు ఎప్పుడు కదులుతాయా అని కన్నార్పకుండా చూస్తూ నిలబడింది.